చప్పట్లకు బదులు దగ్గు

ఐర్లండ్‌కి వచ్చాక నేను మనసుపెట్టి విన్న మొదటి కచేరీలో పాట అయిపోగానే ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ దగ్గారు. ఒకరు గొంతు సవరించుకున్నట్టు, ఇంకొకరు పొలమారినట్టు, గిటారు పట్టుకున్న పెద్దాయన పిడికిలి నోటికి అడ్డం పెట్టుకుని మరీ. నాతో వచ్చిన డాక్టర్ గారు గుంటూరులో చదివి ఇక్కడ ప్రభుత్వాసుపత్రిలో ఊపిరితిత్తుల జబ్బులు చూస్తారు. ఆయన కుర్చీ మెల్లగా వెనక్కి జరుపుకుని జేబులోంచి మాస్కు తీశారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయన్ని బతిమాలి తీసుకొచ్చింది నేనే మరి.

అది లీక్స్‌లిప్‌లో మా ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న చిన్న కాఫీ కొట్టు. నడిపే పెద్దాయనది పోర్చుగల్. వయసులో ఉండగా వచ్చి ఇక్కడే ఉండిపోయారు. భార్య పోయింది. ఒక్కతే కూతురు. ఇక్కడే పుట్టి పెరిగింది కాబట్టి నోరు విప్పితే అచ్చం ఈ ఊరి పిల్లే. మా ఆయన చిప్పుల ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసి వచ్చి పగలంతా పడుకునేవారు. నేను పిల్లాణ్ణి బడిలో దింపి, ఇంట్లో చప్పుడు చెయ్యడం ఎందుకని ఆ కొట్లో కూర్చునేదాన్ని. మన అలవాటు కొద్దీ మొదటిరోజే ఆయన్ని అంకుల్ అన్నాను. ఎవర్నో పిలుస్తున్నాననుకుని ఆయన వెనక్కి తిరిగి చూశారు. తర్వాత ఆ పిలుపు ఆయనకే నచ్చి, రెండు రోజులు కనబడకపోతే "అంకుల్‌ని మర్చిపోయావా నైబర్" అనేవారు.

నేను తెనాలిలో సంగీతం నేర్చుకున్నదాన్ని. ఇక్కడ శనివారాలు మా హాల్లో చాప పరిచి మనవాళ్ళ పిల్లలకి సరళీ స్వరాలు చెబుతుంటాను. ఒకరోజు కాఫీ కోసం నిలబడి ఏదో రాగం కూనిరాగంగా తీస్తుంటే పెద్దాయన మిషను కట్టేసి విన్నారు. విని, నెలలో మొదటి ఆదివారం సాయంత్రం వెనక గదికి రమ్మన్నారు.

ఆ వెనక గదిలో పాడేది ఫాదో. పోర్చుగీసువాళ్ళ పాట. పోయినవాటి గురించీ, దూరమైనవాళ్ళ గురించీ పాడుకునే పాట. అందులో పెద్దాయనది కోయింబ్రా బాణీ. అది విశ్వవిద్యాలయం ఉన్న ఊరు. నల్లటి దుప్పట్లలాంటి అంగీలు కప్పుకుని విద్యార్థులు పాడే పాట అది. ఆయన వాయించే గిటారు సగానికి కోసిన బొప్పాయికాయలా ఉంటుంది. తీగలు జంటలు జంటలుగా ఉంటాయి. పక్కన మామూలు గిటారుతో ఆయన స్నేహితుడు శ్రుతి కలిపేవాడు. ఆ మనిషి పొద్దున పైపులు బిగించే పని చేసుకుంటాడు, సాయంత్రం ఇది.

వెనక గదికి కొన్ని కట్టుబాట్లు ఉండేవి. పాట మొదలైందంటే పొయ్యి ఆపెయ్యాలి, మిషను ఆపెయ్యాలి. పళ్ళెం కదలకూడదు, చెంచా మోగకూడదు. మైకు లేదు, టికెట్టు అసలే లేదు. వీధి తలుపు గడియ పెట్టేసేవారు. అంటే వ్యాపారం బాగా సాగాల్సిన ఆదివారం సాయంత్రం ఆయన వ్యాపారం మూసేసి కూర్చునేవారన్నమాట. ఇక చప్పట్లు లేవు. వాళ్ళ ఊళ్ళో కుర్రాళ్ళు ఎవరి కిటికీ కిందో నిలబడి పాడేవాళ్ళట. చప్పట్లు కొడితే వీధి వీధంతా లేస్తుందని వినేవాళ్ళు గొంతు సవరించుకుని ఊరుకునేవాళ్ళట. నిజమో కథో గాని, ఆ గదిలో బాగుందంటే దగ్గాలి, బాగా లేకపోతే ఊరుకోవాలి. ఈ సంగతి ముందుగా చెప్పలేదని నేను డాక్టర్ గారి ముందు నొచ్చుకుంటుంటే ఆయన పకపకా నవ్వి, "అయితే నా ఓపీలో రోజూ కచేరీయేనమ్మా" అన్నారు.

నేను చేసిన పని తక్కువేం కాదు. మనకి పాడేవాళ్ళు ఒక మంచి సంగతి వేస్తే మధ్యలోనే ఆహా అనడం మర్యాద. అనకపోతే వినడం లేదనుకుంటారు. నేను ఆహా అన్నాను. తొడ మీద తాళం కూడా వేశాను. గదిలో అందరూ నావైపు చూశారు. పాటయ్యాక పెద్దాయన నవ్వి, మీ దగ్గర ముందే చెప్పేస్తారా, మేం ఆఖరిదాకా దాచుకుంటాం అన్నారు. ఆ మాట నాకు బాగా నచ్చింది. ఆ తర్వాత వచ్చే ప్రతి మొదటి ఆదివారానికీ నేను హాజరు. "ఏడవడానికి ఇల్లు చాల్లేదా, కొట్టుకెళ్ళి ఏడ్చొస్తున్నావు" అని మా ఆయన ఎకసెక్కం చేసేవారు.

కూతురు పాడేది. కోయింబ్రా బాణీలో ఆడవాళ్ళు పాడే ఆచారం లేదు. అయినా నేర్పింది పెద్దాయనే. ఇక్కడ ఇంకెవరున్నారు నేర్పడానికి అనేవారు. అలా ఒక కట్టుబాటు ఆయన చేత్తో ఆయనే తెంచారు. కానీ ఒకటుంది. ఎవరు బాగా పాడినా దగ్గే మనిషి కూతురి పాటకి ఏనాడూ దగ్గలేదు. గదంతా దగ్గేది, నేనూ దగ్గేదాన్ని. ఆయన మాత్రం తల వంచుకుని తీగలు సవరించుకునేవారు.

మా గురువుగారూ అంతే. పిల్లల్ని పొగిడితే ఆయుక్షీణం అనేవారు. ఆ రకం మనుషులు నాకు తెలుసు కాబట్టి నేను పెద్దగా పట్టించుకోలేదు. ఆ అమ్మాయి పట్టించుకుంది. ఒకరోజు కప్పులు కడుగుతూ, నీళ్ళ చప్పుడులో నాకొక్కదానికే వినబడేలా అంది.

"ఒక్కసారి దగ్గితే చాలు నాకు. ఇంకేం అక్కర్లేదు."

తర్వాత వచ్చిందంతా ఆ ఒక్క కోరిక చుట్టూ తిరిగిందని నాకిప్పుడు అనిపిస్తుంది.

ఒక ఆదివారం ఎవరో కొత్తగా వచ్చినవాళ్ళు ఆమె పాడుతుండగా ఫోనులో తీసి నెట్‌లో పెట్టారు. జనం విరగబడి చూశారు. సిటీవెస్ట్‌లో ఒక హోటలువాళ్ళు కబురు పెట్టారు. ఆదివారం ఆదివారం భోజనంతో పాటు ఫాదో, పర్యాటకుల బస్సులు వస్తాయి, నెలనెలా జీతంలా ఇస్తాం అన్నారు. ఆ కబురు తండ్రికి చెప్పిన పొద్దున నేను అక్కడే ఉన్నాను. లేచి వెళ్ళిపోదామంటే కాఫీ సగమే అయింది, కూర్చుందామంటే వాళ్ళింటి గొడవ.

పెద్దాయన ఒక్కటే అడిగారు.

"పాడేటప్పుడు పళ్ళాలు ఆపుతారా?"

"డాడ్, అది హోటలు" అంది ఆ అమ్మాయి.

ఆయన బల్ల తుడవడం మొదలుపెట్టారు. అప్పటికే తుడిచి ఉన్న బల్లే. ఆమెకి ఒళ్ళు మండింది. వెనక గదికి వచ్చేవాళ్ళు ఏటేటా తగ్గిపోతున్నారనీ, ఉన్నవాళ్ళంతా నెరిసినవాళ్ళేననీ, గిటారు పట్టేవాడు ఈయన తర్వాత ఒక్కడు లేడనీ గడగడా అప్పజెప్పింది. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. అమ్మ పెళ్ళినాటి పింగాణీ సామాను ప్రెస్‌లో దాచినట్టు దాస్తున్నావు, అందులో తిన్నదెవరు అని అడిగింది. ఇక్కడ అల్మరాని ప్రెస్ అంటారు.

"పండక్కి తీస్తాం" అన్నారు ఆయన. "అందుకే ఒక్కటీ పగల్లేదు."

ఎవరి పక్షమని నన్ను అడిగి ఉంటే నేనేం చెప్పేదాన్నో నాకే తెలియదు. మా తెలుగు సంఘం ఉగాది వేడుకలో నా శిష్యురాలు పాడబోతుంటే, మైకు పట్టుకున్న కుర్రాడొకడు వచ్చి, ఆంటీ, చరణం వద్దు, తర్వాత డాన్సులున్నాయి అన్నాడు. వాణ్ణి నేను ఉతికి ఆరేశాను. చరణం లేని కీర్తన ఎందుకురా, వంకాయ లేని గుత్తొంకాయా అన్నాను. కానీ ఆ స్టేజీ అనేది లేకపోతే, పట్టుపరికిణీ కట్టుకుని అందరి ముందూ పాడే రోజు ఒకటి లేకపోతే, ఆ పిల్లలు శనివారం పొద్దున ఫుట్‌బాల్ మానుకుని నా చాప మీదకి ఎందుకొస్తారు? రారు. అదీ నాకు తెలుసు. కక్కలేక మింగలేక కాఫీ తాగేసి వచ్చేశాను.

ఆమె వెళ్ళింది. వెళ్ళినందుకు మంచే జరిగింది, ఆ మాట ఒప్పుకోకపోతే కళ్ళు పోతాయి. హాలు నిండేది. పైపుల పని చేసే స్నేహితుడికి మోకాళ్ళు వంచనక్కర్లేని సంపాదన దొరికింది. ఆ ప్రదర్శన చూసి, ఆమెని అడిగి తెలుసుకుని, ఇద్దరు ఐరిష్ కుర్రాళ్ళు ఆ బొప్పాయికాయ గిటారు నేర్చుకుంటామని పెద్దాయన కొట్టుకే వచ్చారు. ఆయన కాదనలేదు, ఓపిగ్గా నేర్పారు. చేతికి కాస్త పట్టు దొరకగానే వాళ్ళనీ హోటలే తీసుకుంది.

చెడు కూడా ఆ మంచిలోంచే వచ్చింది. హోటలు ప్రదర్శన ఆదివారమే కాబట్టి వెనక గదికి శ్రుతి కలిపే స్నేహితుడు రాలేకపోయాడు. అతను రాకపోయేసరికి పాడేవాళ్ళూ రాలేదు. పాడేవాళ్ళు లేకపోతే వినేవాళ్ళెందుకు వస్తారు? కొన్ని మొదటి ఆదివారాలు నేనూ పెద్దాయనా ఎదురుబొదురుగా కూర్చున్నాం. ఆయన కాసేపు వాయించేవారు, నేను దగ్గేదాన్ని. ఆయన మర్యాదకి తలాడించేవారు. ఒక నెల వెళ్ళేసరికి ఆ గదిలో బంగాళాదుంపల బస్తాలు ఉన్నాయి. చోటు వృథా పోతోందని పెట్టించాను అన్నారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఎవరి మీద కోప్పడాలో తెలియక నేను ఇంటికొచ్చి మా ఆయన మీద కోప్పడ్డాను.

చలికాలం మొదట్లో కూతురు వచ్చి, ఈ ఆదివారం నాన్నని తీసుకురమ్మని నన్ను అడిగింది. తను పిలిస్తే రాడట. ఆ రోజు ఆయన పాట పాడుతుందట. ఆయన పాట అంటే, కోయింబ్రాలో చదువు సగంలో ఆగిపోయి ఊరు వదిలినప్పుడు ఆయన కట్టుకున్న పాట. హోటల్లో అదివరకు ఎప్పుడూ పాడలేదు. ఆ ఒక్క పాటకీ పళ్ళాలు ఆపించానంది, మేనేజరుతో యుద్ధం చేసి. మైకు కూడా ఉండదంది. చెబుతున్నప్పుడు ఆమె ముఖంలో పరీక్ష రాయబోయే పిల్ల కనబడింది. దేనికోసం ఇదంతా అని నేను అడగలేదు. నాకు తెలుసు.

పెద్దాయన కోటు వేసుకుని, గడ్డం నున్నగా గీసుకుని నా కారెక్కారు. హోటలు గుమ్మం దగ్గర కోయింబ్రా అంగీలు వరసగా వేలాడదీసి ఉన్నాయి. వచ్చినవాళ్ళు కప్పుకుని ఫోటోలు దిగుతున్నారు. పెద్దాయన అంగీ నేను కొట్లో చూశాను. దాని అంచున చిన్న చిన్న చింపులు ఉంటాయి, చదువుకునే రోజుల్లో అయినవాళ్ళు గుర్తుగా చింపినవి, తల్లి చింపింది ఒకటి, స్నేహితులు చింపింది ఒకటి, అలా. ఇక్కడి కొత్త అంగీలకీ చింపులు ఉన్నాయి, అన్నీ ఒకే కొలతలో, కత్తెరతో కత్తిరించినవి. ఆయన ఒకదాని అంచు వేళ్ళతో పట్టుకుని చూసి వదిలేశారు.

లోపల సూపు పంచుతుండగా పాటలు మొదలయ్యాయి. ఆమె గొంతు మైకులో పెద్దదిగా, తియ్యగా వినబడింది. బాగానే ఉంది. చెంచాల చప్పుడూ బాగానే ఉంది. తర్వాత దీపాలు తగ్గించారు. వడ్డించేవాళ్ళు గోడల వెంట నిలబడిపోయారు. ఆమె మైకు పక్కకి పెట్టి, అందరికీ వినబడేలా గట్టిగా, ఈ పాట మా నాన్నది, ఇది అయ్యాక చప్పట్లు కొట్టకండి, మా నాన్న దగ్గర నేర్చుకున్న ఆచారం ఒకటుంది, దగ్గండి అని చెప్పింది. జనం నవ్వారు. హోటలు తరఫున మాట్లాడే కుర్రాడికి ఆ నవ్వు చూసి హుషారొచ్చింది. ముందు ఒకసారి ప్రాక్టీసు చేద్దామా, ఈ పక్కవాళ్ళు గట్టిగా దగ్గుతారా ఆ పక్కవాళ్ళా అని పందెం పెట్టాడు. హాలంతా దగ్గింది. పడీపడీ నవ్వింది, మళ్ళీ దగ్గింది. పెద్దాయన బల్ల మీది రుమాలు మడత పెట్టుకుంటూ కూర్చున్నారు.

ఆమె పాడింది. ఏం చెప్పను? నేను సంగీతం చెప్పేదాన్ని, తప్పులు పట్టడం నా వృత్తి. ఆ పాటలో నాకు పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. నాకా భాష రాదు. ఒక మనిషి ఊరు వదిలి వెళ్ళిపోతున్నాడని మాత్రం తెలిసింది. కళ్ళు తుడుచుకోవడానికి సిగ్గుపడలేదు.

పాట అయిపోగానే హాలంతా ఒక్కసారిగా దగ్గింది, పందెం గుర్తొచ్చి ఇంకా గట్టిగా. ఆ దగ్గుల్లో, ఆ నవ్వుల్లో, ఆమె ఒక్క మనిషి వైపే చూస్తోంది. పెద్దాయన లేచి నిలబడ్డారు. రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టారు. అంతమందిలో చప్పట్లు కొట్టింది ఆయనొక్కరే. ఆమె ముఖం ఎలా పాలిపోయిందో నేను చూశాను. వంగి నమస్కారం పెట్టి, తెర వెనక్కి వెళ్ళి, మేం బయల్దేరేదాకా రాలేదు.

కారులో నేను ఉండబట్టలేకపోయాను. అంత బాగా పాడితే చప్పట్లతో సరిపెట్టారా అంకుల్, ఆ పిల్ల దేనికోసం చూస్తోందో మీకు తెలియదా అని అడిగేశాను. గొంతులో కోపం ఉంది, దాచలేదు.

"అంతమంది దగ్గుతుంటే నా దగ్గు ఏదో దానికెలా తెలుస్తుంది నైబర్?" అన్నారు. "చప్పట్లు కొట్టేవాణ్ణి నేనొక్కణ్ణే కదా. నేనని తెలుస్తుందనుకున్నాను."

నేను కారు పక్కకి ఆపి కాసేపు ఏడ్చాను. ఆయన నా భుజం తట్టి, గేరు మార్చమన్నారు.

మర్నాడే ఆ మాట కూతురికి చేరవేశాను. ఆమె కప్పు తుడుస్తూ మొత్తం విని, గ్రాండ్ అంది. ఈ దేశంలో ఆ మాటకి బాగుందని కాదు, ఇంక వదిలెయ్యమని అర్థం. కానీ ఆమె వదల్లేదు. ఆ వారంలోనే ఒక సాయంత్రం, కొట్టు మూసే వేళకి, నాకు ఫోను చేసి రమ్మంది. ముగ్గురం కలిసి బంగాళాదుంపల బస్తాలు నడవలోకి లాగాం. పెద్దాయన పొయ్యి ఆపారు, మిషను ఆపారు, వీధి తలుపు గడియ పెట్టారు. గిటారు తీసి చాలాసేపు శ్రుతి చేసుకున్నారు. వేళ్ళు ఇదివరకటిలా లేవు. ఆయన ముఖం మాత్రం మొదటి ఆదివారంలా ఉంది.

ఆమె అదే పాట పాడింది. హోటల్లో కంటే మెల్లగా, తండ్రికి రెండడుగుల దూరంలో నిలబడి. చివరి తీగ మోగి ఆగింది. గదిలో ఏ చప్పుడూ లేదు. పెద్దాయన గిటారు మీద నుంచి కుడిచెయ్యి తీశారు. పిడికిలి బిగించారు. ఆ పిడికిలి మెల్లగా నోటి దగ్గరికి వెళుతోంది.

ఆమె వంగింది. పాట ఆగగానే చెయ్యి పక్కకి చాపి, లేని జనానికి నవ్వు ముఖంతో వంగి నమస్కారం పెట్టింది. అది ఆమె అనుకుని చేసింది కాదు. వారం వారం చేసి చేసి ఒంటికి పట్టిన పని. సగం వంగాక ఆమెకే తెలిసింది. అలాగే ఉండిపోయింది.

పెద్దాయన పిడికిలి మోకాలి మీదకి దిగింది.

"లవ్లీ" అన్నారు ఆయన. "వెరీ లవ్లీ."

కాఫీకి వచ్చేవాళ్ళు వెంట తెచ్చుకునే కుక్కపిల్లల్ని చూసి కూడా ఆయన ఆ మాటే అంటారు. ఆమె నిటారుగా లేచి, థాంక్స్ డాడ్ అంది. నేను దగ్గుదామనుకున్నాను, కానీ ఆమెకి కావలసింది నా దగ్గు కాదు. ఆయన గిటారు పెట్టెలో పెట్టి మూత వేశారు. నేనూ ఆమే చెరో పక్కా పట్టుకుని బంగాళాదుంపల బస్తాలు మళ్ళీ ఆ గదిలోకి లాగాం.